కేజీ బేసిన్ గ్యాసా, డాబా మీద సోలారా: బెజవాడ, గుంటూరు వాసులు ఏది ఎక్కడ ఎంచుకోవాలి

కాకినాడ అవతల కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ సముద్రంలో కొత్త బావి పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా "ఇక మనకు కరెంటు కష్టాలు తీరినట్టే" అంటారు. కర్నూలు వైపు సోలార్ పార్కు వస్తే "ఇంకా చమురు తవ్వడం దేనికి" అంటారు. రెండు మాటలూ పొరపాటే. ముడిచమురు నుంచి వచ్చేది పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, తారు, ప్లాస్టిక్‌కు ముడిసరుకు. ఇంటి మీటరులోకి వచ్చే కరెంటులో దాని పాత్ర లేనట్టే. అక్కడ పనిచేసేది బొగ్గు, నీరు, ఎండ, గాలి, కొద్దిగా గ్యాసు. కాబట్టి చమురు బావిని సోలార్ ప్యానెల్‌తో నేరుగా తూచలేం. పెట్రోలు బండి ఎలక్ట్రిక్ బండి అయినప్పుడు, సిలిండర్ బదులు ఇండక్షన్ పొయ్యి వచ్చినప్పుడు, డీజిల్ జనరేటర్ ఆగినప్పుడు మాత్రమే ఆ రెండూ పోటీ పడతాయి. గ్యాసు సంగతి వేరు. దాంతో కరెంటూ తీయొచ్చు, వంటా చేయొచ్చు, యూరియా కూడా చేయొచ్చు. అసలు చర్చ జరగాల్సింది గ్యాసు గురించి.

సముద్రం ఇప్పటిదాకా ఇచ్చిందేమిటి

రిలయన్స్ కేజీ-డీ6 బ్లాకులో 2002లో గ్యాసు బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు వస్తుందని లెక్క వేశారు. 2010లో 60 మిలియన్లు దాటింది, అక్కడి నుంచి జారడం మొదలైంది. బావుల్లోకి నీరు, ఇసుక చొరబడ్డాయి. నిల్వల అంచనా కూడా తగ్గింది. మొదట తెరిచిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడ్డాయి. ఆ తర్వాత అదే బ్లాకులో రెండు వేల మీటర్లకు పైగా లోతు నీటిలో ఆర్-క్లస్టర్ 2020 డిసెంబరులో, ఆ వెనుక శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే క్షేత్రం మొదలై మళ్లీ మంచి ఉత్పత్తి ఇచ్చాయి. అంటే సముద్రంలో గ్యాసు లేదని కాదు, ఎన్నాళ్లు వస్తుందో ముందే చెప్పలేమని.

ఓఎన్‌జీసీ కేజీ-98/2 బ్లాకు ఇంకో పాఠం. ఆ సంస్థ 2005లో దాన్ని చేతికి తీసుకుంది. తొలి చమురు వచ్చింది 2024 జనవరి 7న. అక్కడి చమురులో మైనం ఎక్కువ. సముద్రం అడుగున చల్లదనానికి పైపులోనే గడ్డకడుతుంది. అందుకని పైపులో పైపు పెట్టి, మధ్యలో వేడి పోకుండా చూసే పద్ధతి వాడాల్సి వచ్చింది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ ఇదే తీరంలో 2005లో ప్రకటించిన దీన్‌దయాళ్ క్షేత్రం ఇంకా కష్టమైనది. 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు ఉందన్నారు. రాయి గట్టిది, పీడనం, వేడి విపరీతం, గ్యాసు బావిలోకి కదలదు. 2017లో అందులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ సుమారు 8,000 కోట్లకు కొంది. చెప్పిన గ్యాసు రాలేదు.

కేజీ గ్యాసు తగ్గిన దెబ్బ బెజవాడకు నేరుగా తగిలింది. కొండపల్లిలో, గోదావరి పక్కన వేమగిరి, జేగురుపాడుల్లో కేజీ గ్యాసును నమ్ముకుని కట్టిన విద్యుత్ ప్లాంట్లు 2013 నాటికి గ్యాసు అందక నిలిచిపోయాయి. వాటిలో పెట్టిన బ్యాంకు రుణాలు మొండి బాకీలయ్యాయి. ఎవరైనా "బావి పడింది, ప్లాంటు కడదాం" అంటే ముందు అడగాల్సింది ఒక్కటే: పదేళ్ల సరఫరా ఒప్పందం ఎవరు రాసిస్తున్నారు?

ప్రమాదాల సంగతి దాచకూడదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగిసిన బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మడం) 65 రోజులు మండింది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊరి దగ్గర గ్యాసు పైపు పగిలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండూ నేల మీద జరిగినవే. అదే సముద్రంలో జరిగితే ఆర్పడానికి రోడ్డు ఉండదు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో సుమారు 1,500 మీటర్ల లోతున పగిలిన మకాండో బావిని మూయడానికి 87 రోజులు పట్టింది. మన ఆర్-క్లస్టర్ అంతకన్నా లోతున ఉంది. తీరంలో వేటకెళ్లే మత్స్యకారులు ఈ తవ్వకాల గురించి అడిగే ప్రశ్నలు అభివృద్ధికి అడ్డం పడటం కాదు, అవి అడగాల్సిన ప్రశ్నలే.

ధర చూద్దాం. లోతు సముద్రపు గ్యాసు పది లక్షల బీటీయూకు (గ్యాసు ఇచ్చే వేడికి కొలత) 10 డాలర్లు అనుకుంటే, మంచి కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో దాని నుంచి సుమారు 140 యూనిట్లు వస్తాయి. డాలరు 85 రూపాయలైనా ఇంధనానికే యూనిట్‌కు 6 రూపాయలు పడుతుంది. ప్లాంటు ఖర్చు దీనికి అదనం. పెద్ద సోలార్ పార్కుల టెండర్లలో పగటి కరెంటు రెండున్నర రూపాయల దగ్గర, బ్యాటరీ కలిపి ఇచ్చేది మూడున్నర దగ్గర పలికింది. మధ్యాహ్నం పన్నెండింటికి కేజీ గ్యాసును కరెంటు కోసం కాల్చడం శుద్ధ దండగ. సాయంత్రం ఆరు నుంచి పది దాకా, ఏసీలన్నీ ఒకేసారి పడే వేళ మాత్రం దానికి విలువ ఉంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (పగలు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేది) కట్టింది ఆ సాయంత్రం కోసమే. ఇక యూరియాకు గ్యాసు తప్పదు, మిర్చి పొలానికి యూరియా తప్పదు. మన తీరం గ్యాసు ఎరువుకు, వంటింటి పైపుకు, సాయంత్రపు కొరతకు పోవాలి. పగటి కరెంటు ఎండ నుంచి రావాలి. మా మాట ఇదే.

ఇంటికి: ముందు బిల్లు తీసి చూడండి

సోలార్ అందరికీ ఒకేలా లాభం కాదు. ఏపీలో ఇళ్ల టారిఫ్ మెట్లుగా పెరుగుతుంది. నెలకు మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ట్రూఅప్ సర్దుబాట్లు (పాత ఖర్చుల తేడాను తర్వాత బిల్లులో వేసేవి), స్థిర చార్జీలు వేరు. ప్యానెల్ కోసేది పై మెట్టునే. అందుకే పెద్ద బిల్లు ఇంటికి త్వరగా, చిన్న బిల్లు ఇంటికి నెమ్మదిగా డబ్బు తిరిగొస్తుంది.

బెజవాడ ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 2,548 రూపాయలు. మూడు కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు పోయి 40 మిగులుతాయి, వాటికి 87 రూపాయలు. నెలకు 2,460 మిగులు. మూడు కిలోవాట్ల సిస్టమ్ 2 లక్షలు అయితే, కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోగా చేతి నుంచి 1,22,000. నాలుగేళ్లు దాటగానే పెట్టుబడి తిరిగొస్తుంది.

200 యూనిట్లు వాడే ఇంటికి రెండు కిలోవాట్లు పెట్టమంటారు. అవసరం లేదు. 200 యూనిట్ల బిల్లు 867. ఒక కిలోవాట్ పెడితే 80 యూనిట్లు మిగిలి బిల్లు 215కు దిగుతుంది, అంటే 652 ఆదా. 75,000 ఖర్చులో 30,000 సబ్సిడీ పోగా 45,000, ఆరేళ్లలోపు తేలిపోతుంది. రెండోది పెడితే దానికి సబ్సిడీ పోను ఇంకో 25 నుంచి 30 వేలు పడుతుంది, కానీ అది కోసేది కింది మెట్ల చవక యూనిట్లనే. నెలకు ఆదా రెండొందల పైచిలుకే. రెండేళ్లలో ఏసీ కొనే ఆలోచన ఉంటే మాత్రం రెండు కిలోవాట్లు ఇప్పుడే పెట్టుకోండి. విడిగా తర్వాత కలపడం ఖరీదు, తలనొప్పి.

నెలకు వంద యూనిట్లు దాటని ఇంటికి బిల్లు మూడొందలు. ఒక కిలోవాట్ పెట్టినా పన్నెండేళ్లు పడుతుంది. ఎవరెంత నచ్చజెప్పినా సొంత డబ్బుతో పెట్టించుకోవద్దు. ఆ డబ్బుతో పాత ఫ్యాన్లు మార్చి 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేసుకుంటే అంతకన్నా ముందే లాభం కనిపిస్తుంది.

అపార్ట్‌మెంటులో డాబా అందరిదీ. అసోసియేషన్ తీర్మానంతో లిఫ్టు, మోటార్లు, కారిడార్ లైట్ల మీటరుకు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది. షాపులకు సబ్సిడీ లేదు. అయినా వాణిజ్య టారిఫ్ పై మెట్టు యూనిట్‌కు పది రూపాయల దాకా పోతుంది గనుక పగలు నడిచే బట్టల కొట్టుకు, హోటలుకు లెక్క బాగానే కుదురుతుంది.

బిగించేటప్పుడు ఎక్కడ చెడుతుంది

మూడు కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. నడవడానికి సందులతో కలిపి ముప్పై గజాల చోటు కావాలి. దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు మన అక్షాంశానికి సరిపోతుంది. మన డాబాల మీద పెద్ద శత్రువు మెట్ల గది, వాటర్ ట్యాంకు. ప్యానెళ్లను ఒకదానికొకటి వరసగా కలుపుతారు కాబట్టి ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరస ఉత్పత్తి దెబ్బతింటుంది. జూన్‌లో కొలిచి "నీడ లేదు" అంటే నమ్మకండి. డిసెంబరు ఎండ కిందికి వాలి ఉంటుంది, నీడ పొడుగ్గా పడుతుంది. ఉదయం తొమ్మిది, సాయంత్రం మూడు గంటల నీడను డిసెంబరుకు లెక్కగట్టి చూపించమనండి.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విజయవాడకు డిజైన్ గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి ఇస్తుంది. ఆరు ప్యానెళ్ల పదిహేనున్నర చదరపు మీటర్లకు కలిపి రెండు టన్నులకు పైనే. నాలుగు కాళ్లకు తలో ఇటుక దిమ్మె పోసి వెళ్లిపోతే తుపానులో మొత్తం ఫ్రేము లేస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది, ఇది ఊహించుకుని చెప్పే భయం కాదు. శ్లాబు కడ్డీలకు కట్టిన కాంక్రీటు పెడెస్టల్స్ గానీ, కెమికల్ యాంకర్లు (జిగురు మందుతో శ్లాబులో బిగించే బోల్టులు) గానీ అడగండి. యాంకరుకు శ్లాబు తొలిస్తే ఆ రంధ్రం చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి, లేదంటే మొదటి వానాకాలంలోనే కింద గదిలో చెమ్మ. ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) 80 మైక్రాన్లు ఉండాలి. వెండి రంగు పెయింటు కొట్టిన ఇనుము మూడో ఏడు తుప్పు కారుతుంది. ప్యానెళ్ల కింద ఏడడుగుల ఎత్తు వదిలితే బట్టలు ఆరేసుకోవచ్చు, కానీ ఎత్తు పెరిగే కొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, కాళ్లు, దిమ్మెలు ఆ మేరకు పెంచాలి. దానికి అదనపు ఖర్చు అడిగితే ఇవ్వండి, అది న్యాయమైన ఖర్చు.

ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టరును సెల్లార్‌లో పెట్టనివ్వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఇళ్ల కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మొదటి అంతస్తులో గానీ మెట్ల గదిలో గానీ, పడమటెండ తగలని గోడకు బిగించాలి. వేడెక్కితే ఇన్వర్టరు తనంతట తానే ఉత్పత్తి తగ్గించుకుంటుంది.

ఎర్తింగ్ గుంటలు మూడు ఉండాలి: డీసీ వైపు, ఏసీ వైపు, పిడుగు రాడ్డుకు విడిగా. ఒకే గుంటలో మూడూ కలిపేస్తే పిడుగు శక్తి ఇన్వర్టరులోకి రావొచ్చు. ప్యానెళ్ల తీగలు కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి. వేరు వేరువి బలవంతంగా నొక్కితే లోపల వదులుగా ఉండి కాలిపోతాయి. డాబా మీద సోలార్ నిప్పు చాలాసార్లు అక్కడే పుడుతుంది.

రెండు విషయాలు బిగించాక తెలిసి జనం నొచ్చుకుంటారు, ముందే తెలుసుకోండి. ఒకటి, మామూలు ఆన్‌గ్రిడ్ సిస్టమ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైనుతో కలిసి నడిచేది) కరెంటు పోతే ఆగిపోతుంది, ఎండ మండుతున్నా సరే. లైన్ మీద పనిచేసే వాళ్లకు షాక్ కొట్టకుండా పెట్టిన రక్షణ అది. కరెంటు పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. రోజుకు అరగంట కోతకు ఉన్న పాత యూపీఎస్ చాలు. రెండోది, మే నెలలో ఉత్పత్తి మీరనుకున్నంత రాదు. బయట 43 డిగ్రీలుంటే ప్యానెల్ వేడి 65 దాటుతుంది. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గితే 14 శాతం పోతుంది. మంచి దిగుబడి ఫిబ్రవరి, మార్చిలలో. జూలై, ఆగస్టు మబ్బుల్లో బాగా పడిపోతుంది.

కడగడం వారానికోసారి, తెల్లవారుజామున. మధ్యాహ్నం కాలిన గాజు మీద చల్లనీళ్లు పోస్తే గాజు చిట్లొచ్చు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల థర్మల్ బూడిద, గుంటూరు యార్డు వైపు మిర్చి సీజన్ దుమ్ము ఎక్కువ, అక్కడ వారానికి రెండుసార్లు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర కట్టి వెలుతురును అడ్డుకుంటుంది. మునిసిపల్ కుళాయి నీళ్లు వాడండి.

పొయ్యి, బండి

14.2 కిలోల సిలిండర్ చేసే వంటకు ఇండక్షన్ మీద సుమారు 125 యూనిట్లు పడుతుంది. కాబట్టి మీ సిలిండర్ ధరను 125తో భాగించండి. 875 అయితే 7 రూపాయలు. మీకు చివరి యూనిట్ 7 కన్నా తక్కువకు దొరికితే ఇండక్షన్ లాభం, 8.75 మెట్టులో ఉంటే నష్టం. దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇల్లు వాటిని ముందు వాడుకుని, నాలుగో దాని నుంచే ఈ లెక్క వేయాలి. పైపు గ్యాసు మీ వీధికి వచ్చి ఉంటే తీసుకోండి. సిలిండర్ మోత ఉండదు, పైగా దేశంలో వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతే. ఇడ్లీ, పప్పు ఇండక్షన్ మీద బాగా అవుతాయి. పుల్కా, కాల్చిన వంకాయ పచ్చడి కోసం ఒక బర్నరు ఉంచుకోక తప్పదు.

బండికి ఇంత లెక్క అక్కర్లేదు. పెట్రోలు స్కూటరు వంద కిలోమీటర్లకు రెండు లీటర్ల పైన తాగుతుంది, 230 రూపాయలు దాటుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరుకు మూడున్నర యూనిట్లు, పై మెట్టు ధరకైనా 35 లోపే. సముద్రపు చమురుకు నిజమైన ప్రత్యామ్నాయం ఇక్కడే ఉంది. రాత్రి చార్జింగ్ పెడితే ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే అన్నది కూడా నిజం, కుదిరినప్పుడు పగలు పెట్టండి.

కోల్డ్ స్టోరేజీలు, చెరువులు

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటర్ నడిపితే లీటరుకు మూడు నుంచి మూడున్నర యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్ 28 రూపాయల పైనే. సోలార్ ఇక్కడ చాలా పనికొస్తుంది, కానీ రెండు జాగ్రత్తలున్నాయి. మిర్చి టిక్కీలు (బస్తాలు) మార్చి నుంచి మే దాకా దిగుతాయి, ఏడాది చివరికి గదులు ఖాళీ అవుతాయి, లోడు పడిపోతుంది. నిండు సీజన్ లోడు చూసి ప్లాంటు పెట్టుకుంటే ఖాళీ నెలల్లో కరెంటు చవక ధరకు గ్రిడ్డుకు పోతుంది. ఖాళీ నెలల పగటి లోడును ఆధారంగా తీసుకోండి. రెండోది, జనరేటర్‌తో కలిసి నడిచేటప్పుడు సోలార్ ఎక్కువైతే కరెంటు వెనక్కి తన్ని జనరేటర్ ట్రిప్ అవుతుంది. జనరేటర్ మీద ఎప్పుడూ కనీసం 30 శాతం లోడు ఉంచే కంట్రోలర్ తప్పనిసరి. పాత సిమెంటు రేకుల కప్పు అయితే ప్యానెళ్లు, ఫ్రేము కలిపి చదరపు మీటరుకు 15 కిలోల అదనపు బరువు మోస్తుందో లేదో ఇంజనీరుతో చూపించండి.

రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరియేటర్ల మాట వేరు. నీటిలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున. అప్పుడు ఎండ ఉండదు. బ్యాటరీ లేని సోలార్‌ను నమ్మి జనరేటర్ అమ్ముకున్న రైతు ఒక్క రాత్రిలో పంట పోగొట్టుకుంటాడు.

దరఖాస్తు

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో బిల్లు మీది 13 అంకెల సర్వీసు నంబరుతో నమోదు చేయాలి. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక అనుమతి దానంతటదే వస్తుంది. నమోదైన వెండర్‌ను ఎంచుకోవాలి, బిగించాక నెట్ మీటరుకు (వాడిన కరెంటును, గ్రిడ్డుకు పంపిన కరెంటును రెండూ లెక్కగట్టేది) పెట్టాలి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ అయ్యాక బ్యాంకు వివరాలిస్తే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. చాలా దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. మీటరు ఇంకా తాతగారి పేరునో ఇల్లు అమ్మిన వాళ్ల పేరునో ఉంటుంది, ఆధార్, బ్యాంకు ఖాతా మీ పేరున ఉంటాయి. ముందు పేరు మార్పు చేయించి తర్వాతే సోలార్‌కు దిగండి. సబ్సిడీకి దేశీయంగా తయారైన సెల్స్, ప్యానెళ్లే వాడాలి. ప్యానెళ్లు డాబా ఎక్కక ముందే ప్రతి దాని వెనుక ఉన్న సీరియల్ నంబరు ఫోటో తీసి, వెండర్ ఇచ్చిన డీసీఆర్ (దేశీయ తయారీ) ధ్రువపత్రంలోని నంబర్లతో సరిచూసుకోండి. చివరి పది శాతం డబ్బు నెట్ మీటరు తిరిగిన రోజే ఇస్తామని ఒప్పందంలో రాయించండి.